కణాలను సాగదీసే యంత్రం: 14 నెలల వాడకం తర్వాత

సజీవ కణాలను సిలికోన్ పొర మీద పెంచి, ఆ పొరను ఒకే దిశలో పదేపదే సాగదీసి వదిలే ఒక చిన్న యంత్రాన్ని హైదరాబాద్‌లోని మా ప్రయోగశాలలో 14 నెలలుగా వాడుతున్నాము. ఇటువంటి పరికరం కొనాలనుకుంటూ, అమ్మకందారుల కరపత్రాలకు మించిన సమాచారం దొరకక ఇబ్బంది పడే పరిశోధక విద్యార్థులకూ, కొత్తగా ల్యాబ్ ఏర్పాటు చేసుకుంటున్న అధ్యాపకులకూ పనికివస్తుందని ఈ సమీక్ష రాస్తున్నాను. తయారీ సంస్థ పేరు ఇవ్వడం లేదు, ఎందుకంటే నేను చెప్పబోయే గుణదోషాల్లో ఎక్కువ భాగం ఈ తరహా యంత్రాలన్నింటికీ వర్తిస్తుంది. యంత్రం మంచిదే. అయితే దాని తెర మీద కనిపించే సాగదీత శాతాన్ని యథాతథంగా నమ్మి ప్రయోగం చేసినవారికి, కణాలు ఏ దిశకు తిరిగాయో కనిపిస్తుంది గాని ఎందుకు తిరిగాయో అర్థం కాదు.

పరికరం రెండు భాగాలుగా వస్తుంది. స్టెప్పర్ మోటారు, దానికి అమర్చిన కదిలే పట్టీ, కదలని పట్టీ ఒక భాగం. దీన్ని 37 డిగ్రీల వద్ద ఉండే కార్బన్ డయాక్సైడ్ ఇంక్యుబేటర్ లోపల పెట్టాలి. వేగాన్నీ సాగదీతనూ నిర్ణయించే నియంత్రణ పెట్టె రెండో భాగం. అది బయటే ఉంటుంది, ఇంక్యుబేటర్ వెనుక రంధ్రం గుండా తీగ తీసుకుని రెండింటినీ కలపాలి. కణాలను పెంచడానికి పారదర్శకమైన సిలికోన్ చాంబర్లు విడిగా కొనాలి. చాంబరు అంటే అగ్గిపెట్టె కంటే చిన్నదైన ఒక మెత్తని తొట్టి. దాని గోడలు మందంగా, అడుగు పల్చగా ఉంటాయి. రెండు పక్కల ఉన్న రంధ్రాలను పట్టీల మేకులకు తగిలించి మోటారు నడిపితే అడుగు పొర సాగుతుంది, దాని మీద అంటుకున్న కణాలూ దానితో పాటే సాగుతాయి.

అసలు కణాలను ఎందుకు సాగదీయాలి? శరీరంలో నిశ్చలంగా ఉండే కణాలు తక్కువ. గుండె కొట్టుకున్న ప్రతిసారీ ధమని గోడ కొద్దిగా ఉబ్బి తిరిగి సర్దుకుంటుంది, ఊపిరితో పాటు ఊపిరితిత్తుల్లోని గాలి తిత్తులు సాగుతాయి, నడిచినప్పుడు స్నాయువులు లాగబడతాయి. గట్టి ప్లాస్టిక్ పళ్ళెంలో పెరిగే కణానికి ఇవేవీ ఉండవు. 1980లో ఆర్. సి. బక్ అనే శాస్త్రవేత్త, ఆధారాన్ని పదేపదే సాగదీసి వదిలితే దాని మీది కణాలు సాగదీత దిశకు అడ్డంగా తిరుగుతాయని ప్రచురించారు. అదే సంవత్సరం ఆల్బర్ట్ హ్యారిస్, ఆయన సహచరులు పల్చటి సిలికోన్ పొర మీద కణాలను పెంచి, పాకే కణం తన కింది పొరను లాగి ముడతలు పడేలా చేస్తుందని చూపించారు. ఈ రెండూ కలిపి చూసినప్పుడే విషయం తేటపడుతుంది. కణం బయటి బలానికి లొంగి పడి ఉండే వస్తువు కాదు. తానూ నిరంతరం లాగుతూ, ఆ లాగుడులో వచ్చిన మార్పును గమనిస్తూ, తన అమరికను మార్చుకుంటుంది.

ఆ లాగుడు పని చేసేవి కణం లోపలి స్ట్రెస్ ఫైబర్లు. ఇవి ఆక్టిన్ అనే ప్రోటీన్ తంతువుల కట్టలు. మయోసిన్ అనే ప్రోటీన్ వాటిని ఎప్పుడూ బిగిస్తూ ఉంటుంది. వాటి కొసలు కణం ఆధారానికి అతుక్కునే చోట్ల కుట్టినట్టుగా ఉంటాయి. నులక మంచం అల్లినప్పుడు ప్రతి వరుసనూ ఒకే బిగువుకు తెచ్చినట్టు, కణం తన ఫైబర్లను ఒక నిర్దిష్టమైన బిగువులో ఉంచుకోవాలని ప్రయత్నిస్తుంది. ఆ అతుకుల్లో ఉండే టాలిన్ అనే ప్రోటీన్ బలం పడినప్పుడు సాగి, అంతవరకు ముడుచుకుని ఉన్న భాగాలను విప్పుతుంది. అక్కడికి విన్‌క్యులిన్ వచ్చి చేరి అతుకును బలపరుస్తుంది. పొరను నెమ్మదిగా లాగి అలాగే పట్టి ఉంచితే సర్దుకునే వ్యవధి కణానికి దొరుకుతుంది. సెకనుకొకసారి లాగి వదులుతుంటే ఆ వ్యవధి దొరకదు. లాగే దిశలో ఉన్న ఫైబర్ ఒకసారి అతిగా బిగుస్తూ, మరుక్షణమే వదులవుతూ, చివరికి విడిపోతుంది. పొడవు పెద్దగా మారని దిశలో ఉన్నవి నిలుస్తాయి, కొత్తవి ఆ దిశలోనే ఏర్పడతాయి. కణం మొత్తం ఆ దిశకు తిరగడం ఈ కూల్చివేత, నిర్మాణాల ఫలితమే.

యంత్రాన్ని బిగించడానికి మాకు ఒక పూట పట్టింది. పట్టీల మధ్య దూరాన్ని మరతో సర్దుకోవలసి ఉంటుంది, అసలు జాగ్రత్త అక్కడే అవసరం. చాంబరు ఏమాత్రం వదులుగా ఉన్నా, మోటారు కదలికలో మొదటి భాగం ఆ వదులు తీయడానికే ఖర్చవుతుంది, పొర మాత్రం తక్కువ సాగుతుంది. బిగువుగా పెడితే ప్రయోగం మొదలు కాకముందే కణాలు సాగి ఉంటాయి. సంస్థ ఇచ్చిన పుస్తకంలో దీని గురించి ఒక్క వాక్యమే ఉంది. మేము పొర మీద సన్నని సిరా గీత గీసి, అది మైక్రోస్కోపు కింద కదలడం మొదలయ్యే స్థానాన్ని సున్నాగా తీసుకునే పద్ధతి అలవాటు చేసుకున్నాము.

మొదటి ప్రయోగానికి ఎలుక ఫైబ్రోబ్లాస్టులు, అంటే కణజాలానికి ఊతమిచ్చే పదార్థాన్ని తయారు చేసే కణాలు, తీసుకున్నాము. సిలికోన్ నీటిని అంటనివ్వదు కనుక పొరకు ముందుగా కణాలు అతుక్కునే ఫైబ్రోనెక్టిన్ అనే ప్రోటీన్ పూత పూసి, కణాలను ఒకదానికొకటి తగలనంత పల్చగా చల్లి, రాత్రంతా కుదురుకోనిచ్చాము. మర్నాడు తెర మీద 10 శాతం సాగదీత, 1 హెర్ట్జ్ పౌనఃపున్యం, అంటే సెకనుకొక లాగుడు, పెట్టి మోటారు నడిపాము. ఆరు గంటలంటే 21,600 సార్లు లాగడం. మొదటి అరగంటలో ఆపి చూసినప్పుడు కణాల అంచులు ముడుచుకుని, కొన్ని దాదాపు గుండ్రంగా కనిపించాయి. అవి చనిపోతున్నాయని మా విద్యార్థిని కంగారు పడింది. మూడు గంటలకు అవే కణాలు మళ్ళీ పొడవుగా సాగాయి, కానీ ఈసారి వాటి కొసలు వేరే వైపుకు ఉన్నాయి. ఆరు గంటలకు పొరను కోసి, ఆక్టిన్‌కు రంగు వేసి చూసినప్పుడు, ఒక్కో కణంలో పక్కపక్కనే వరుసగా వేసిన దారాల్లాంటి ఆకుపచ్చ గీతలు, పక్క కణంలోనూ ఇంచుమించు అదే వాలుతో కనిపించిన దృశ్యం నేను మరిచిపోలేను. సుమారు 50 మైక్రాన్ల పొడవున్న, కళ్ళూ నరాలూ లేని జీవపదార్థం దిక్కు గుర్తించిన తీరు అది.

పొరను కోసే ముందు ఒక మూలను చిన్నగా కత్తిరించి గుర్తు పెట్టుకోవాలి. కోసిన తర్వాత ఆ చదరపు ముక్కకు తూర్పేదో పడమరేదో ఉండదు. సాగదీత ఏ వైపు జరిగిందో తెలియకపోతే అన్ని కోణాలూ వృథా. మేము ఒకసారి ఈ గుర్తు మరిచి రెండు రోజుల పనిని పారేశాము. చాంబరు అచ్చులోనే ఒక చిన్న బాణం గుర్తు పోసి ఉంటే ఈ బాధ ఉండేది కాదు. సంస్థకు ఖర్చు లేని ఈ సవరణ గురించి రెండుసార్లు రాశాను.

సాగదీత దిశతో కణాలు చేసే కోణాలను కొలిచి, ఏ కోణంలో ఎన్ని కణాలున్నాయో గ్రాఫు గీసినప్పుడే అసలు చిక్కు ఎదురైంది. పుస్తకంలో ‘కణాలు సాగదీతకు లంబంగా అమరుతాయి’ అని ఉంది. అంటే 90 డిగ్రీల దగ్గర ఒకే శిఖరం రావాలి. మాకు రెండు శిఖరాలు వచ్చాయి. ఒకటి 63 డిగ్రీల దగ్గర, మరొకటి దానికి అద్దంలో ప్రతిబింబంలా 117 డిగ్రీల దగ్గర. కెమెరా వంకరగా ఉందేమో అనుకున్నాము, కానీ కెమెరా ఒరిగితే రెండు శిఖరాలూ ఒకే వైపు జరగాలి గాని అటొకటి ఇటొకటి విడిపోవు. యంత్రం సరిగా లాగడం లేదని అమ్మిన సంస్థకు ఫిర్యాదు పంపాము. వారి నుంచి వచ్చిన జవాబు మోటారు పరీక్షా ఫలితాల పత్రం మాత్రమే. మోటారులో లోపం లేదన్నది నిజమే, కానీ మా ప్రశ్నకు అది సమాధానం కాదు.

సమాధానం సైకిల్ ట్యూబు ముక్కలో ఉంది. దాన్ని రెండు చేతులతో లాగితే పొడవు పెరుగుతుంది, నడుము సన్నబడుతుంది. సిలికోన్ పొర కూడా అంతే: ఒక దిశలో సాగినప్పుడు అడ్డ దిశలో కుంచించుకుపోతుంది. అందువల్ల సాగదీతకు సరిగ్గా లంబంగా పడుకున్న కణం ప్రతిసారీ నొక్కుకుపోతుంది. దానికి అక్కడా ప్రశాంతత లేదు. సాగే దిశకూ కుంచించుకునే దిశకూ మధ్య ఎక్కడో పొడవు ఏమాత్రం మారని ఒక దిశ ఉంటుంది, సౌష్ఠవం వల్ల రెండో వైపున దానికి జత కూడా ఉంటుంది. మేము పొర మీద చుక్కలు పెట్టి, లాగకముందూ లాగిన తర్వాతా ఫోటోలు తీసి కొలిచాము. తెర మీద 10 శాతం అని చూపినప్పుడు చాంబరు మధ్యలో అసలు వికృతి, అంటే పొర నిజంగా సాగిన శాతం, 8 శాతం, అడ్డంగా కుంచింపు 3 శాతం. ఈ రెండింటి నిష్పత్తి (8/3) వర్గమూలం, పొడవు మారని దిశ కోణపు టాంజెంటు అవుతుంది. లెక్క వేస్తే 58, 59 డిగ్రీల మధ్య వస్తుంది. మాకు వచ్చినది 63.

మిగిలిన ఆ నాలుగైదు డిగ్రీలు కూడా కొలత పొరపాటు కాకపోవచ్చు. ఈ విషయంలో సిద్ధాంత పరమైన పని ముందే జరిగింది. కోల్‌కతాలోని ఐసర్ అనే విజ్ఞాన విద్యా పరిశోధన సంస్థకు చెందిన రూమీ దే, అసాఫ్ జెమెల్, శామ్యూల్ సఫ్రాన్‌లతో కలిసి 2007లో, కణాన్ని రెండు వైపులా లాగే ఒక బలాల జంటగా భావించి, మారుతూ ఉండే ప్రతిబలానికి, అంటే పొర మీద పడే లాగుడుకు, అది ఎలా తిరుగుతుందో వివరించారు. 2014లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థకు చెందిన లివ్నె, బౌఖ్‌బైండర్, గైగర్ పొర కుంచింపు నిష్పత్తిని కావాలని మార్చుతూ కోణాలను కొలిచి, అవి పొడవు మారని దిశతో సరిగ్గా ఏకీభవించవని, ఒక పద్ధతి ప్రకారమే పక్కకు జరుగుతాయని చూపించారు. కణం సాగినప్పుడు దానిలో నిల్వ అయ్యే స్థితిస్థాపక శక్తిని, ఆక్టిన్ తంతువులూ అతుకులూ మళ్ళీ కట్టుకోవడాన్ని లెక్కలోకి తీసుకున్నప్పుడు ఆ జరుగుడు అర్థమవుతుందని వారి వాదన. మా 63 డిగ్రీలు వారు చూపిన వైపుకే జరిగి ఉండడం చూసి, యంత్రం మీద పెట్టుకున్న అనుమానాన్ని వదిలేశాము.

ఈ అనుభవం వల్ల ఒక లోపమే ఉపయోగంగా మారింది. పట్టీల దగ్గర పొర పక్కలకు కుంచించుకోలేదు, ఎందుకంటే అక్కడ దాన్ని మందపు గోడ పట్టి ఉంచుతుంది. అందుకే ఆ అంచుల్లో కణాలు 90 డిగ్రీలకు దగ్గరగా తిరుగుతాయి. మధ్యకు వచ్చే కొద్దీ కోణం తగ్గుతుంది. ఒకే చాంబరులో, ఒకే రోజున, ఒకే పోషక ద్రవంలో రెండు రకాల పరిస్థితులు దొరకడం పరిశోధకుడికి గొప్ప సౌకర్యం. అయితే చాంబరు మొత్తం నుంచి ఎక్కడపడితే అక్కడ ఫోటోలు తీసి సరాసరి కట్టేవారికి ఇదే పెద్ద ప్రమాదం. ఏ స్థానంలో ఎంత వికృతి ఉందో చూపే పటం ఒకటి చాంబర్లతో పాటు ఇవ్వవలసిన బాధ్యత తయారీదారుది.

పౌనఃపున్యం విషయంలో యంత్రం పనితీరు మిశ్రమంగా ఉంది. 0.01 నుంచి 2 హెర్ట్జ్ వరకు నడుస్తుందని చెబుతారు. 0.01 దగ్గర, అంటే ఒక లాగుడుకు 100 సెకన్లు పట్టేటప్పుడు, కదలిక నునుపుగానే ఉంది. ఊహించినట్టే కణాలు ప్రత్యేకించి ఏ దిశకూ తిరగలేదు. లాగుడు వేగం పెరిగే కొద్దీ కణాలు త్వరగా తిరుగుతాయని, ఒక హద్దు దాటాక ఎంత వేగం పెంచినా ఆ త్వర పెరగదని 2008లో జర్మనీ నుంచి కెమ్‌కెమర్, స్పాట్జ్ బృందం ప్రచురించింది. మేము ఆ హద్దును చేరి చూడాలనుకున్నాము గాని యంత్రం సహకరించలేదు. 2 హెర్ట్జ్ వద్ద చాంబరులోని ద్రవం అలలుగా అటూ ఇటూ కొట్టుకుంటుంది. ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ప్రవహించే ద్రవం కూడా కణాలకు దిక్కు చూపిస్తుంది. రక్తనాళాల లోపలి పొర కణాలు ప్రవాహం వెంబడి పొడవుగా అమరుతాయని 1981లోనే డ్యూయీ బృందం చూపించింది. అంటే పొర సాగదీత ఒక వైపు చెబుతుంటే ద్రవపు ఒరిపిడి మరో వైపు చెబుతుంది. ఏ ఆజ్ఞకు కణం తలవంచిందో తేల్చలేము. మేము ద్రవం మట్టం తగ్గించి, 1 హెర్ట్జ్ దాటకుండా పని చేస్తున్నాము. గుండె లయకు దగ్గరైన వేగం అదే కనుక మా అవసరాలకు సరిపోయింది. ఎక్కువ వేగం కావలసినవారు కొనే ముందు తప్పక నడిపించి చూడాలి.

ఈ యంత్రం మీద నాకు నమ్మకం కుదిర్చిన ప్రయోగం మరొకటి ఉంది. 2005లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, శాన్ డియేగోలో రోలండ్ కౌనాస్, షూ చియెన్ తదితరులు, కణం బిగువును నియంత్రించే రో అనే ప్రోటీన్ మార్గాన్ని అడ్డుకుంటే స్ట్రెస్ ఫైబర్లు సాగదీతకు అడ్డంగా కాక దాని వెంబడే అమరుతాయని చూపించారు. తన సొంత లాగుడును కోల్పోయిన కణం బయటి లాగుడుకు ఎదురు తిరగలేక దాని దారినే పోతుందన్నమాట. మేము రక్తనాళ కణాల్లో ఆ మార్గాన్ని అడ్డుకునే మందు వేసి అదే ప్రయోగాన్ని మళ్ళీ చేసినప్పుడు, మందు లేని చాంబరు ఒకటి, మందు వేసిన చాంబరు ఒకటి ఒకే పట్టీల మధ్య పక్కపక్కనే ఉండి, రెండు వేర్వేరు దిశలు చూపించాయి. రెండు చాంబర్లను ఒకే మోటారుతో లాగే ఈ ఏర్పాటు యంత్రంలో అన్నిటికంటే మెచ్చుకోదగిన అంశం. పోలికకు సందేహం మిగలదు.

ఇక చాంబర్ల నాణ్యత గురించి చెప్పక తప్పదు. మూడో విడతలో వచ్చిన చాంబర్లలో, అసలు లాగని కణాలు కూడా ఒకే వైపుకు బారులు తీరి కనిపించాయి. పొరను ఏటవాలు వెలుతురులో పెట్టి చూస్తే అచ్చు నుంచి వచ్చిన సన్నని గీతలు బయటపడ్డాయి. కణాలు తమ కింది గాడుల వెంబడి అమరుతాయన్నది చాలా పాత సంగతి. 1914లో రాస్ హ్యారిసన్ గట్టి ఆధారాల వెంట కణాలు సాగడాన్ని వర్ణించారు, 1945లో పాల్ వైస్ దానికి స్పర్శ మార్గదర్శనం అనే అర్థం వచ్చే పేరు పెట్టారు. గీతలున్న పొర మీద సాగదీత ప్రయోగం చేయడం, వాలు ఉన్న నేల మీద గోళీ ఎటు దొర్లుతుందో చూడడం వంటిది. అమ్మిన సంస్థ ఆ విడతను వెనక్కి తీసుకుని కొత్తవి పంపింది, అయితే అందుకు ఏడు వారాలు పట్టింది. ఆ ఏడు వారాల ఫలితాలను మేము లెక్కలోంచి తీసేయవలసి వచ్చింది. అప్పటి నుంచి ప్రతి విడతలోనూ ఒక చాంబరును లాగకుండా ఉంచి, కణాల అమరిక యాదృచ్ఛికంగా ఉందని నిర్ధారించుకున్నాకే మిగతావి వాడుతున్నాము.

చిన్న లోపాలు మరికొన్ని ఉన్నాయి. మోటారు వేడెక్కి ఇంక్యుబేటర్ లోపలి ఉష్ణోగ్రతను స్వల్పంగా పెంచుతుంది, కాబట్టి ఉష్ణమాపకాన్ని చాంబరు పక్కనే పెట్టి చూసుకోవాలి. తేమ వల్ల నాలుగు మరలు తుప్పు పట్టాయి. వాటిని స్టెయిన్‌లెస్ స్టీలువి తెచ్చి మార్చుకున్నాము. సిలికోన్ చాంబరును శుభ్రం చేసి మళ్ళీ వాడవచ్చని చెబుతారు గాని, మా అనుభవంలో మూడు వాడకాల తర్వాత రంధ్రాల దగ్గర చీలికలు మొదలవుతాయి.

గుండ్రటి పొరను గాలి పీల్చి అన్ని వైపులా సమంగా లాగే యంత్రాలూ మార్కెట్లో ఉన్నాయి. జన్యువుల స్పందన చూడడానికి అవి మంచివే, కానీ అన్ని దిశలూ సమానమైనప్పుడు కణానికి ఎంచుకోవడానికి దిశ ఉండదు, కనుక అమరికను అధ్యయనం చేసేవారికి పనికిరావు. మోటారు, 3డి ముద్రణలో చేసుకున్న పట్టీలు, సొంతంగా పోసుకున్న సిలికోన్ చాంబర్లతో యంత్రాన్ని తామే తయారు చేసుకునే ల్యాబులూ ఉన్నాయి. చేతిలో యంత్రాలు తెలిసిన విద్యార్థి, ఆరు నెలల ఓపిక ఉంటే ఆ దారి మేలని నా అభిప్రాయం. పొర మందాన్నీ కుంచింపు నిష్పత్తినీ మనమే నిర్ణయించుకోవచ్చు. ఆ వీలు లేని జీవశాస్త్ర ల్యాబులు ఈ యంత్రాన్ని కొనవచ్చు, కానీ తమ ప్రణాళికలో మొదటి నెలను పూర్తిగా వికృతి కొలతలకే కేటాయించుకోవాలి.

మా తదుపరి ప్రయోగానికి చాంబరు నాలుగు వైపులా రంధ్రాలు కావాలి. ఆరు గంటలు ఒక దిశలో లాగి, తర్వాత చాంబరును 90 డిగ్రీలు తిప్పి తగిలిస్తే, అప్పటికే కుదురుకున్న కణాలు మళ్ళీ తిరగడానికి మొదటిసారి కంటే ఎక్కువ సమయం తీసుకుంటాయా, తక్కువ తీసుకుంటాయా అన్నది చూడాలని మా కోరిక. రెండు వైపులే రంధ్రాలున్న ఇప్పటి చాంబరుతో అది సాధ్యం కాదు. కావలసిన చాంబరు బొమ్మ గీసి కొలతలతో సహా సంస్థకు పంపాము. నమూనా పోసి చూస్తామని జవాబు వచ్చింది.